సుక్కమ్మ నల్లపెట్ట

రామన్నపేట పక్కన మా ఊళ్లో, దొర గడీకి చుట్టాలొచ్చినప్పుడల్లా మా వాడ కోళ్లు వెట్టి కింద పోయేవి. ఏ పెట్టా రెండేళ్లు బతికేది కాదు. దొర నాలుకకు బాతు మాత్రం సయించేది కాదు. అందుకే మా అవ్వ సుక్కమ్మ పెరట్లో కోళ్లతోపాటు బాతులనూ పెంచేది. ఒక యేడు బాతుగుడ్లను నల్లపెట్ట కింద పొదగేసింది. పిల్లలు గుంటలో ఈదుతుంటే పెట్ట గట్టుమీద లబలబలాడేది.

ఊళ్లోవాళ్లు సంఘం పెట్టి, వెట్టి బంద్ అని చాటించిన మర్నాడే గడీ జవాను వచ్చాడు.

"నల్లపెట్టను పట్టియ్యే, సుక్కీ."

అవ్వ నోరాగలేదు.

"ఇయ్య. అది పిల్లల తల్లి. కావాల్నంటే గుంటల దిగి బాతును పట్టుకో."

వాడు కర్ర ఎత్తాడు. అంతలో చుట్టుపక్కల ఆడవాళ్లంతా రోకళ్లతో బయటికొచ్చారు. వాడు ఎత్తిన కర్ర దించుకుని వెళ్లిపోయాడు.

అవ్వకు ఆ పూట కాలు నిలవలేదు. "నేను ఇయ్యలేదు, ఇయ్యనన్న" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. నల్లపెట్ట పెరట్లోనే ఉంది. మా వాడలో ముసలిదై చచ్చిన మొదటి కోడి అదే.