దయ్యం కనిపించని రెండో భాగం

1982 జూన్‌లో నన్ను జంషెడ్‌పూర్ రైల్వే ఆసుపత్రికి కంటి డాక్టరుగా వేశారు. హోదా అసిస్టెంటు డివిజినల్ మెడికల్ ఆఫీసరు. పేరు బారెడు, ఇచ్చిన గది జానెడు. మా ఆయనది ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కావడంతో కాపురం సిద్ధగోరాలో పెట్టాం. అక్కడినుంచి రోజూ టెంపోలో స్టేషను వైపు వెళ్ళేదాన్ని. విజయనగరం నుంచి వచ్చిన నాకు ఆ ఊళ్ళో దొరికిన మొదటి ఊరట ఏమిటంటే, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మా వైపు తెలుగువాళ్ళే. పైగా సినిమా పిచ్చివాళ్ళు. ఆ పిచ్చి నాకూ తక్కువేం కాదు.

నా పనిలో ముఖ్యమైనది డ్రైవర్ల చూపు పరీక్ష. రైలు నడిపేవాళ్ళ చూపు అన్నిటికంటే పై తరగతిలో ఉండాలి. దాన్ని ఏ-వన్ అంటారు. గడువు వచ్చినప్పుడల్లా వాళ్ళు గోడమీది అక్షరాల పట్టీని చివరి వరస దాకా చదవాలి, రంగు చుక్కల పుస్తకంలో అంకెలు గుర్తుపట్టాలి. రెండూ సరిగా చెప్పినవాడికి ‘ఫిట్’ అని రాసి పంపేస్తాం. తడబడినవాడికి మాత్రమే కంటిపాప పెద్దది చేసే చుక్కల మందు వేసి, లోపలి పొర పరీక్షిస్తాం. అప్పటి పద్ధతి అది.

ఆ చుక్కలు పడ్డాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ గుచ్చుకుంటుంది. పేపరు చదవలేరు, పేకాడలేరు, బయటికి పోలేరు. ఏం చేస్తారు పాపం! వెనక వరండాలో బెంచీల మీద కూర్చుని సినిమాలు చెప్పుకునేవారు. ఒకరు ఈమధ్య చూసినది ఎత్తుకోవడం, మిగతావాళ్ళు దాన్ని చీల్చి చెండాడటం. మందు అవసరం లేనివాళ్ళు కూడా డ్యూటీ లేకపోతే ఆ పంచాయితీకి ఆగిపోయేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని, ఒక్కోసారి నా తీర్పు కూడా పడేసేదాన్ని.

ఆ పంచాయితీకి పెద్ద అప్పలస్వామి. శ్రీకాకుళం జిల్లావాడు, నలభై దాటాయి, ప్యాసింజరు బళ్ళు నడిపేవాడు. పట్టీ చివరి వరస గడగడా చదివేసేవాడు కాబట్టి అతని కళ్ళల్లో చుక్కల మందు ఏనాడూ పడలేదు. నేను వెళ్ళిన మరుసటి ఏడాది, దసరా ముందు, పరీక్షకు వచ్చాడు. ఎప్పటిలాగే అన్నీ సరిగ్గా చెప్పాడు. నేను ఫిట్ అని రాసి, కాగితాన్ని బల్లమీద ఉంచాను. అతను ఇంటికి పోకుండా వరండాలో చేరాడు. అతనితో ఇంజినుమీద పనిచేసే అసిస్టెంటు సింహాచలం అప్పటికే కళ్ళల్లో చుక్కలతో కూర్చుని ఉన్నాడు.

మొదట, ఆదివారం ఉదయం ఆటగా వేసిన తెలుగు సినిమా మీద చర్చ నడిచింది. అదొక పాటగాడి జీవితకథ. సింహాచలానికి నచ్చలేదు. “సగం సినిమా ఆయన దగ్గుతోనే సరిపోనాది గదన్నా” అన్నాడు.

“నువ్వు కళ్ళతోటి సూసినావురా. అది సెవులతోటి సూడాల. సగం సినిమా నాను కళ్ళు మూసుకునే ఇన్నాను” అన్నాడు అప్పలస్వామి. ఆ సినిమా విషయంలో నా ఓటు కూడా అతనికే వేశాను.

తరవాత మాట సాక్చీ బజారు హాల్లో ఆడుతున్న దయ్యం సినిమా మీదికి మళ్ళింది. కొన్నేళ్ళ కిందట వచ్చి జనాన్ని హడలగొట్టిన దానికి రెండో భాగం. ఇక్కడ అప్పలస్వామి మండిపడ్డాడు.

“మొదటి భాగం సూసొచ్చి వారం రోజులు ఇంట్లో దీపం ఆర్పనేదు నాను. ఆ మొకం, ఆ జుట్టు! ఇదేటి? దయ్యమే నేదు. తెర నిండా నలుపు. జనం ఊరికే కేకలెట్టీడం. బిల్కుల్ బేకార్!”

“అదేటన్నా, మెట్ల కింద నిలబడుంది గదా!” అన్నాడు సింహాచలం.

“నీ బుర్రలో నిలబడుంది. మా పైడి నా పక్కనే కూకుంది. పన్నెండేళ్ళ గుంట. హాలంతా అరుత్తంటే అది పల్లీలు తింటా కూకుంది. డ్రైవరు కూతురంటే అదీ ధైర్నం!”

“ధైర్నం సంగతి సరే” అన్నాడు ఇంకో ముసలి డ్రైవరు. “హాల్లోకొచ్చినప్పుడు నా కాళ్ళు తొక్కీసి, ఎవలో ముసలమ్మ ఒళ్ళో కూకోబోనావు. అది సెప్పు ముందు.”

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు పూర్తి కాలేదు. ఆ సినిమా నేనూ చూశాను. దయ్యం తెరకి ఓ పక్కన, మెట్ల కింది చీకట్లో, కదలకుండా చాలాసేపు నిలబడి ఉంటుంది. మా ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నాను నేను. అది కనిపించకపోవడానికి వీల్లేదు.

అప్పలస్వామిని లోపలికి పిలిచాను. నా ముక్కు వైపే చూడమని, నా వేళ్ళను రెండు పక్కల నుంచి మెల్లగా మధ్యకి తెచ్చాను. మామూలు మనిషికి చెవి దాటగానే కనిపిస్తాయి. అతను “కనబడ్డాయి” అనేసరికి నా వేళ్ళు దాదాపు నా ముఖం ముందుకొచ్చేశాయి. గదిలో దీపం తీయించి నడవమంటే, ఇన్నేళ్ళుగా తెలిసిన ఆ గదిలోనే బల్లకి కొట్టుకున్నాడు. చుక్కలు వేసి లోపలి పొర చూశాను. అంచుల చుట్టూ నల్లటి మచ్చలు.

ఇది ఆకుకూరలు తింటే పోయే రేచీకటి కాదు, రక్తంలో వచ్చేది. ముందు చీకట్లో చూపు పోతుంది, తరవాత పక్కలు మూసుకుపోతూ వస్తాయి. నడిమి చూపూ రంగులూ చాలాకాలం నిలుస్తాయి. అందుకే మా పట్టీకి, మా రంగు చుక్కల పుస్తకానికి ఇది దొరకదు. మందు అప్పుడు లేదు. ఇదంతా అతనికి తెలిసే మాటల్లో చెప్పాను.

“మరి సిగ్నలు దీపం కనబడతంది గదమ్మా!” అన్నాడు.

నిజమే. దీపం కాంతిగా ఉంటుంది, ఏ సిగ్నలు ఎక్కడుందో అతనికి కంఠతా వచ్చు. కాని పట్టాల పక్కన ఎవరైనా నిలబడితే, ఎవరైనా చేతి దీపం ఊపితే కనబడదు. ఇంజినుమీద ఒక నియమం ఉంది: సిగ్నలు కనిపించగానే డ్రైవరూ అసిస్టెంటూ దాని రంగు బిగ్గరగా పిలిచి, ఒకరి మాట ఒకరు సరిచూసుకోవాలి. సింహాచలాన్ని పిలిచి, రాత్రిపూట రంగు ముందు ఎవరు పిలుస్తున్నారని అడిగాను.

“రాత్రి డ్యూటీలో ముందు నానే పిలుత్తన్నానమ్మా. అన్న తరవాత పిలుత్తాడు. పెద్దోడు గదా, ఎలాగ సెప్పీది?”

అప్పలస్వామి అతని వైపు చూశాడు. ఆ సంగతి అతనికీ ఆ క్షణం వరకు తట్టలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

ఫిట్ కాగితం చింపేసి అన్‌ఫిట్ అని కొత్తది రాశాను. ఒక ప్రతి మా సూపరింటెండెంటుకి, ఇంకోటి డ్రైవర్లకి డ్యూటీలు వేసే లోకో ఫోర్‌మన్‌కి వెళ్ళాలి. అందిన క్షణం నుంచి అతను బండి ఎక్కకూడదు. నేను రాస్తుంటే అప్పలస్వామి బల్ల అంచు పట్టుకున్నాడు.

“తల్లీ, నాను ఆ సినిమా గురించి మాటాడనేదనుకో. నువ్వు ఇననేదనుకో. ఇంజిను దిగిపోతే నానేటవుతాను?”

విన్నాను కదా అన్నాను. అతని వెనక పెట్టెల నిండా జనం ఉంటారు. నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది, అయినా సంతకం పెట్టాను.

అతను వెళ్ళిపోయాక నా తలలో ఒక్కటే తిరిగింది. హాలంతా అరుస్తుంటే పల్లీలు తింటూ కూర్చున్న పిల్ల. అప్పలస్వామి చేసుకున్నది సొంత అక్క కూతుర్ని; దగ్గర సంబంధాల్లో ఈ జబ్బు పిల్లలకి దిగడం ఎక్కువ. గోరుచుట్టు మీద రోకటిపోటు ఆ రోజే వేయడానికి నాకు నోరు రాలేదు; ఆ వారంలో కబురు చేద్దామనుకున్నాను. నేను కబురు చేయకముందే అతనే వచ్చాడు, పైడి చెయ్యి పట్టుకుని.

“ఇంటికెళ్ళి అడిగినానమ్మా, దయ్యం ఎలాగుందే అని” అన్నాడు. పిల్లని నా ముందుకి జరిపాడు. పిల్లే చెప్పింది, ఆ ఊరి పిల్లలందరిలా హిందీలో. “ముఝే తో దిఖా హీ నహీ. సబ్ చిల్లా రహే థే, మై చుప్ బైఠీ రహీ.” తనకేమీ కనిపించలేదట. అందరూ అరుస్తుంటే, కనిపించలేదంటే నవ్వుతారని ఊరుకుందట.

చుక్కలు వేసి వరండాలో కూర్చోబెట్టాను. ఆ రోజు డ్రైవర్లెవరూ లేరు.

“ఆప్ కో దిఖా థా?” అని అడిగింది. మీకు కనిపించిందా అని.

కనిపించిందన్నాను. ఎలా ఉందో చెప్పమంది. మందు పనిచేసేదాకా ఆ పిల్లకి మెట్లూ, చీకటీ, జుట్టూ, తెల్లటి కళ్ళూ అన్నీ చెప్పాను. భయపడి నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ నాన్న అవతల బెంచీ మీద కూర్చుని వింటున్నాడు. ఆ దయ్యం ఎలా ఉంటుందో అతనూ వినడం అప్పుడే. తరవాత లోపలికి తీసుకెళ్ళి చూశాను. మచ్చలు అవే, తండ్రికున్నన్ని లేవు, అంతే.

అప్పలస్వామికి పార్సిలు ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు. చీకటి పడకముందే ఇల్లు చేరేవాడట. వరండాకి మళ్ళీ రాలేదు.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఒకటే. చూపు తగ్గినవాడు తనకి కనపడటం లేదని చెప్పడు, అక్కడ ఏమీ లేదనే చెబుతాడు, అదీ నమ్మకంగా. ఆ తరవాత పట్టీ బాగా చదివినవాళ్ళ పక్కచూపు కూడా పరీక్షించాను. సినిమా బాగాలేదన్న ప్రతి డ్రైవరునీ ఎందుకు బాగాలేదని అడిగాను. జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. నేను కిటికీ దగ్గరికి రాగానే సినిమా మాట ఆపేసి, వానల గురించి మాట్లాడుకునేవారు.