మేడం అనని మాట

నాకు శాలువా కప్పిన ప్రతిసారీ దాని కింద ఇంకో బరువు ఉండేది. కప్పినవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఏళ్ల తరబడి మోశానంటే ఎవరికైనా జాలి కలగొచ్చు. అందుకే ముందే చెబుతున్నాను, జాలి వద్దు. మోయమని నన్ను ఎవరూ శిక్షించలేదు. దించుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంది. నేనే అటు పోలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నేను వాదిస్తాను. వాదిస్తే చాలాసార్లు గెలుస్తాను. ఈ ఒక్క విషయంలో గెలవకూడదు.

నేను హేతువాదిని. ఈ మాటను ఇవాళ కూడా వెనక్కి తీసుకోను. మరాఠీ నేల మీద, తెలుగు సరిహద్దుకు దగ్గరగా ఉన్న రాజురాలో మాది బట్టల దుకాణం. చదువు మరాఠీ బడిలో, తెలుగు రాత ఇంట్లో. ఆదివారాలు దుకాణం వెనక గదిలో మా నాన్న, ఆయన స్నేహితులు కులం మీద, దేవుడి మీద, ఆడవాళ్ల చదువు మీద గొంతులు పోయేలా వాదించుకుంటుంటే వింటూ పెరిగాను. ఆ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి మాటను కాదనాలంటే, ముందు ఆ మాటను అతను "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేలా చెప్పగలగాలి. చెప్పలేకపోతే నోరు మూసుకోవాలి. ఆ కట్టుబాటును మెచ్చుకుంటూ నేను వ్యాసాలు రాశాను. బాబాల మీద, తాయెత్తుల మీద రాశాను. జనానికి మేలు జరిగేటప్పుడు ఒక అబద్ధం చెబితే ఏం పోయిందని అడిగే పూజారుల మీద మరీ కసిగా రాశాను.

ఆ పూజారులకూ నాకూ తేడా ఏమిటి? వాళ్లు దేవుడి పేరు వాడుకున్నారు. నేను సైన్సు పేరు వాడుకున్నాను.

జరిగింది ఇది.

సరిహద్దు అవతల కొత్త రాష్ట్రం వచ్చి, ఆ తర్వాత దాని జిల్లాలు కూడా ముక్కలవుతున్న రోజులు. మా వైపు చివరి ఊరు లక్కడ్‌కోట్‌లో టీ కొట్ల దగ్గర ఎప్పుడు చూసినా అదే చర్చ: అటు పోతే లాభమా, ఇటు ఉంటే లాభమా. ఆ రోజుల్లోనే చంద్రపూర్ నుంచి ఒక మానసిక నిపుణురాలు నెలకోసారి రాజురా రావడం మొదలుపెట్టారు. మరాఠీ ఆవిడ. అందరూ మేడం అనేవాళ్లు. ఆటిజం ఉన్న పిల్లల, చదువు పట్టుబడని పిల్లల తల్లిదండ్రులను ఒక బడి గదిలో కూర్చోబెట్టి మాట్లాడించేవారు. పిల్లలకు చేసే వైద్యం కాదు అది, పెద్దవాళ్లకు ఆసరా. భయం చెప్పుకోవాలి, అలసట చెప్పుకోవాలి, ఏడుపొస్తే సిగ్గుపడకుండా ఏడవాలి. సరిహద్దు ఊళ్ల తెలుగు ఆడవాళ్లకు సంతలో బేరమాడేంత మరాఠీ వచ్చు. లోపలి సంగతి చెప్పుకునేంత, మేడం మాట పూర్తిగా అందుకునేంత రాదు. రెండు భాషలూ వచ్చిన నన్ను దుబాసీగా రమ్మన్నారు. వెళ్లాను.

ఆ సభ మీద నాకు చిన్నచూపు. ఉపన్యాసం లేదు, తీర్మానం లేదు, ఇదేం పని అనుకునేవాణ్ని. ఒకామె ఉండేది, కొర్పనా వైపు నుంచి వచ్చేది. "మా పోరడు మాట్లాడతలేడని అందరు ఏడుస్తరు గని మేడం, వాళ్ల నాయిన జర నోరు మూస్కుంటే నా సగం బాధ పోతది" అనేది. గదంతా నవ్వేది. నేను మరాఠీలో చెప్పేవాణ్ని, మేడం కూడా నవ్వేవారు. నేను మాత్రం గడియారం చూసుకునేవాణ్ని. నెలంతా ఏ ఇంటి గడపా తొక్కలేని ఆడవాళ్లు, పెళ్లికి పిలిస్తే పిల్లను ఎక్కడ వదలాలో తెలియక మానుకున్న ఆడవాళ్లు, ఆ గదిలో పక్కపక్కన కూర్చొని నవ్వుతున్నారన్నది నా కళ్లకు ఆనలేదు. నాకు ఆనేవి వేరు. ఎవరి మెడలో తాయెత్తు ఉంది, ఎవరి చేతికి దారం ఉంది, అవి చూసేవాణ్ని.

వాళ్లలో రజిత ఒకతె. ఊరు లక్కడ్‌కోట్. పాతికేళ్లు ఉంటాయేమో. మేనమామకే ఇచ్చి చేశారు. భర్త తిరుపతి సాస్తి బొగ్గు గనుల దగ్గర టిప్పర్ నడిపేవాడు. అత్త స్థానంలో ఉన్నది సొంత అమ్మమ్మే. రజిత ఆమెను అత్తా అని ఎన్నడూ పిలవలేదు. కూతురు పూజకు ఆరేళ్లు. మాట రాలేదు. రాత్రుళ్లు నిద్రపోదు. కొత్త బట్ట అంచు దొరికితే పెదవికి రాసుకుంటూ అలాగే ఉండిపోయేది. రజిత పిల్లను ఒళ్లో పెట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుండా అందరివీ వినేది.

ఒకసారి తిరుపతి వచ్చాడు. రావడం అదే మొదలు. గనుల దగ్గర హిందీతో నెట్టుకొచ్చేవాడు, మరాఠీ అతనికీ అంతంతే. అమ్మమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆ రోజు రజిత నోరు తెరిచింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట తెలియక కూరగాయలు కోసిందట. పిల్ల అందుకే ఇట్లా పుట్టిందని ఊళ్లో అంటున్నారట, అమ్మమ్మా అదే అంటోందట.

"నా వల్లనే అయిందా? గదొక్కటి అడుగు సార్" అంది.

అడిగాను. మేడం లేచి వెళ్లి రజిత పక్కన కింద కూర్చున్నారు. ఆమె చెయ్యి పట్టుకొని నెమ్మదిగా చెప్పారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఈమెది కాదు, ఈమె భర్తది కాదు, గ్రహణం వల్ల అసలే కాదు. ఈ పిల్లకు ఇలా ఎందుకైందో ఒక్క కారణం వేలు పెట్టి చూపగలిగేవాళ్లు ఎవరూ లేరు. తర్వాత తిరుపతి వైపు తిరిగి, రోజులో కొంతసేపు పిల్లను నువ్వు చూసుకో, ఈమెను నిద్రపోనివ్వు, ముందు కావాల్సింది అది, అన్నారు.

నేను తెలుగులో ఏం చెప్పాను?

"గ్రహణం గిట్ల ఏం లేదు. మీది మేనరికం. ఇద్దరిది ఒక్కటే రక్తం. అందుకే పిల్ల ఇట్ల పుట్టిందని మేడం అంటున్నది."

నిద్ర సంగతి చెప్పనే లేదు. చిన్న విషయమనిపించింది.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకు ఇన్నేళ్లలో చాలా జవాబులు తయారు చేసుకున్నాను. గ్రహణం మాట వినగానే ఆవేశం వచ్చిందని, ఒక మూఢనమ్మకాన్ని పీకేస్తే ఆ ఖాళీలో ఏదో ఒకటి నాటాలి కదా అని, మేడం కూడా ఇంకాస్త ఆలోచిస్తే ఇదే అనేవారేమోనని, ఒక్కో జవాబూ మంచి వ్యాసంలా చక్కగా కుదిరేది. అన్నీ చెత్త. అసలు జవాబు చిన్నది. అప్పట్లో మా కులపెద్ద ఒకాయనతో మేనరికాల మీద నాకు పోరు నడుస్తోంది. మేనరికం చేసుకుంటే ఆస్తీ ఆప్యాయతా ఇంట్లోనే ఉంటాయని ఆయన ప్రతి పెళ్లిలో చెప్పేవాడు. కొద్ది రోజుల్లో ఫంక్షన్ హాల్లో ఇద్దరికీ బహిరంగ చర్చ ఉంది. నాకు ఒక ఉదాహరణ కావాలి. ప్రాణమున్న ఉదాహరణ. అది పిల్లను ఒళ్లో పెట్టుకొని నా ఎదురుగా కూర్చుంది.

దగ్గరి రక్తసంబంధాల్లో పెళ్లిళ్లు కొన్ని జబ్బుల ముప్పును పెంచుతాయి. అది నిజం. ఇప్పటికీ అంటాను. కానీ ఆ పిల్ల విషయంలో అదే కారణమని మేడం అనలేదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పే నిజాయితీ ఆమెకు ఉంది. తెలియదు అనే మాట ఎంత గౌరవమైనదో వేదికలెక్కి చెప్పినవాణ్ని నేను. ఆ గదిలో మాత్రం అది నాకు పనికిరాని మాటలా కనిపించింది. తెలియదు అంటే చప్పట్లు రావు.

నా మాట విని అమ్మమ్మ గోడకు ఒరిగిపోయింది. కూతురి ఇంటికి వెళ్లి, పట్టుబట్టి, మనవరాలిని కొడుక్కి అడిగి తెచ్చుకున్నది ఆమే. మేడం నా వైపు చూసి, వీళ్లకు అర్థమైందా అని అడిగారు. అయింది అన్నాను.

చర్చలో గెలిచాను. "ఒక మానసిక నిపుణురాలు స్వయంగా చెప్పిన మాట" అంటూ పేరు చెప్పకుండా రజిత కథ చెప్పాను. ఆ ఏడాది మా వాళ్లలో ఖాయమైన మేనరికాలు కొన్ని ఆగిపోయాయి. మొదటి శాలువా అప్పటిదే. గర్వంగా అనిపించిందా? అనిపించింది. దాచి ఏం లాభం.

తిరుపతి కూడా ఆ మాటను వాడుకున్నాడు, నాకంటే తెలివిగా. మా ఇద్దరి రక్తం పనికిరాదని డాక్టరే చెప్పింది, ఇంకెన్ని కాన్పులైనా ఇంతే అని పెద్దమనుషులను కూర్చోబెట్టి తెగదెంపులు చేసుకున్నాడు. గ్రహణం అన్నన్నాళ్లు రజితకు ఆ ఇంట్లో చోటుంది. తిట్లతోనే కావచ్చు, ఉంది. గ్రహణ దోషానికి శాంతి ఉంటుంది, చేయించుకొని ఊరుకుంటారు. రక్తానికి శాంతి లేదు. నేను తీసేసిన మూఢనమ్మకం కంటే నేను పెట్టిన అబద్ధం క్రూరమైనది. తిరుపతి సరిహద్దు దాటి ఆసిఫాబాద్ వైపు బయటి సంబంధం చేసుకొని అక్కడే ఉండిపోయాడు. కొత్త జిల్లా, కొత్త పని, కొత్త పెళ్లాం.

అప్పుడు రజిత నా దుకాణానికి వచ్చింది. ఎండ వేళ, గిరాకీ లేదు. పూజ సరాసరి లోపలికి వెళ్లి ఒక బట్ట తాను అంచు పట్టుకుంది. రజిత కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుత సార్. కోపం చేయకు."

"అడుగు."

"ఆ దినం మేడం నా చెయ్యి పట్టుకున్నది. ఆమె మొఖం సూస్తే తప్పు పట్టినట్టు లేకుండె. నీ రక్తమే ఖరాబని చెప్పేటోళ్లు గట్ల చెయ్యి పడతరా?"

నేను చీరలు మడతపెడుతున్నాను. మడతపెడుతూనే ఉన్నాను.

"మంచోళ్లు ఎంత కష్టం మాటైనా మెల్లగ చెప్తరు" అన్నాను.

"అయితే గదే అన్నదా?"

"గదే అన్నది."

"నువ్వు చదువుకున్నోనివి. నువ్వెందుకు అబద్ధమాడుతవు తియ్" అంది. ఎత్తిపొడుపు కాదు. తనకు తాను సర్దిచెప్పుకుంటోంది. పూజ చేతిలోంచి బట్ట విడిపించబోయింది. పిల్ల కేక పెట్టింది. నేను ఆ అంచు కత్తిరించి ఇచ్చాను.

"పైసలెంత?"

"ఏం వద్దు."

"సల్లగుండు సార్" అని వెళ్లిపోయింది.

ఆ గదిలో వాదన వేడిలో నోరు జారిందని ఎవరైనా నా తరఫున అనొచ్చు. దుకాణంలో ఎవరున్నారు? ఏ కులపెద్ద ఉన్నాడు, ఏ సభ ఉంది? ఒక్క మనిషి వచ్చి, తన కళ్లతో చూసినదాన్ని నమ్మాలో నా మాటను నమ్మాలో తెలియక, తీర్పు నాకే వదిలింది. ఆమె చూసింది సరిగ్గానే చూసింది. కళ్లతో చూసినదాన్ని నమ్మండి, ఎవరో చెప్పారని నమ్మకండి అని ఊరూరా తిరిగి చెప్పిన నేను, ఆమె కళ్లను అబద్ధం చేసి పంపాను. నేను ఇక్కడ ఒప్పుకుంటున్నది ముఖ్యంగా ఈ రెండోదాన్ని. మొదటిది మోసం. దీనికి పేరు నాకు దొరకలేదు.

రజిత ఆ సభకు మళ్లీ రాలేదు. మిగతా తెలుగు తల్లులూ ఒక్కొక్కరే మానేశారు. వాళ్లలో చాలామందివి దగ్గరి సంబంధాలే. మీ నెత్తురే చెడ్డదని చెప్పించుకోవడానికి బస్సెక్కి ఎవరు వస్తారు? వీళ్లంతా ఎందుకు రావడం లేదని మేడం అడిగారు.

"మూఢనమ్మకాలు మేడం" అన్నాను.

ఆమె నమ్మారు. తానే ఇంకా తేలిగ్గా చెప్పాల్సిందేమోనని బాధపడ్డారు కూడా. కొన్నాళ్లకు రాజురా రావడం మానుకున్నారు. ఆ ఆడవాళ్లకు నెలకొక్కసారి ఉన్న ఆ కాస్త చోటు అట్లా పోయింది. నేనేమో సాయంత్రాలు ఖాళీ అయ్యాయని సంతోషించాను.

రజిత అన్న పద్మాపూర్ గనిలో పనిచేస్తాడు. పిల్లను తీసుకొని అతని దగ్గరికి చేరింది. అమ్మమ్మ కన్నకొడుకును వదిలేసి మనవరాలి వెంట వెళ్లింది. "నేను జేసిన పెండ్లి, నేనే మోస్త" అన్నదట. బతికున్నన్నాళ్లు పూజకు అన్నం తినిపించింది. బతికున్నన్నాళ్లు అంతా తన వల్లే అనుకుంది. ఈ సంగతి నాకు చెప్పింది రజిత అన్నే. ముసలామె పోయిన మర్నాడు చుట్టాలకు కబురు చెప్పడానికి రాజురా వచ్చి, కర్మకు కావాల్సిన తెల్లబట్ట నా దగ్గరే కొంటూ, మామూలుగా చెప్పాడు. నేను కొలిచి, చింపి, మడిచి ఇచ్చాను.

ఆ ముసలామెకు ఇక ఎవరూ చెప్పలేరు. రజిత ఉంది. ఆమె ఇప్పటికీ నా మాటను మేడం మాటగానే మోస్తోంది. మొన్న అన్న కూతురిని వదిన తమ్ముడికి ఇవ్వొద్దని, మేడం పేరు చెప్పి, ఇంట్లో కొట్లాడిందట. చూశావా, ఎంత మార్పు తెచ్చావో అని ఈ కబురు తెచ్చిన మిత్రుడు నా వీపు తట్టాడు. అబద్ధమైతేనేం, ఫలితం మంచిదే కదా అని మీకూ అనిపిస్తోందా? అనిపిస్తే ఈ కాగితం ఇక్కడే పడేయండి. మీతో నాకు పనిలేదు. రజిత నాకు ఫలితం కాదు. పగలంతా పిల్లను పట్టుకొని, రాత్రంతా మెలకువగా ఉండి, తన ఒంట్లో పారే నెత్తురే తన పిల్లను చెడగొట్టిందని నమ్ముతూ బతుకుతున్న మనిషి.

ఇది తెలుగులో రాస్తున్నాను. రజితకు తెలుగు చదవడం రాదు. ఎదుటిమనిషి చదవలేని అక్షరాల్లో ఒప్పుకోవడం ఎంత సుఖమో నాకు తెలుసు, అందుకే ఇది చాలదనీ తెలుసు. ఈ వారమే పద్మాపూర్ పోతాను. ఆమె చెప్పు తీయొచ్చు. వినకుండా తలుపు వేయొచ్చు. క్షమిస్తుందేమోనన్న ఆశ లోపల ఎక్కడైనా ఉంటే దాన్ని ఇక్కడే తుంచేస్తున్నాను. క్షమించాల్సినవాళ్లలో ఒకామె చనిపోయింది, ఒక పిల్లకు మాట రాదు. వాళ్లిద్దరి తరఫున ఎవరూ క్షమించలేరు.

ఆమె గుమ్మం ముందు ఏమనాలో చాలాసార్లు రాసి కొట్టేశాను. ప్రతిసారీ ఏదో ఒక సంజాయిషీ దూరేది. అన్నీ తీసేశాను. తీసేశాక, నాకు అర్హత ఉందో లేదో గానీ, ఛాతీలో కొంత చోటు దొరికింది. మిగిలింది ఇంతే.

రజితా, నీ రక్తంల ఏం లేదు. మేడం ఆ మాట అనలే. నేనన్న.