సీజరుకు వన్స్‌మోర్

ముందే ఒప్పుకుంటున్నాను: నేను చెప్పే పిల్లి కథలో పిల్లి పులికి అంగుళం కూడా తగ్గదు. ఎవరి తరుగు వారు తీసుకుని చదువుకోండి. కానీ ఒక్క అరుపుతో నా ఉద్యోగాన్నీ, కాపురాన్నీ, రోము సామ్రాజ్యాన్నీ కలిపి కూల్చబోయిన మాట మాత్రం నిజం.

అప్పట్లో నేనూ మా ఆవిడ సుజాతా సిడ్నీకి కొత్త. నా కాంట్రాక్టు ఇంకో రెండు వారాల్లో ముగుస్తుంది. పర్మనెంటు చెయ్యడమా, ఇంటికి పంపడమా అన్నది మేనేజరు హెలెన్ చేతిలో ఉంది.

"మా క్లబ్బువాళ్లు జూలియస్ సీజర్ మీద ఒపేరా వేస్తున్నారు. నీకు ఒపేరా తెలుసా?" అని అడిగిందావిడ.

"తెలియడమేమిటి! ఉగ్గుపాలతో తాగాం" అన్నాను.

నాకు తెలిసింది తెనాలి పద్యనాటకం. అక్కడా రాజు పాడతాడు, ఇక్కడా రాజు పాడతాడు. తేడా ఏముంటుంది?

ఆవిడిచ్చిన టిక్కెట్లతో వెళ్లి ఆవిడ పక్కనే కూర్చున్నాం. కెల్లీవిల్ హాల్లో తెర లేచింది. వెనక ఎవరో పాత చిత్రకారుడి బొమ్మకు నకలు: దుప్పట్లు చుట్టుకున్న పెద్దమనుషులు, చేతుల్లో కత్తులు. ముందు ఏడడుగుల సీజరు. నోరు తెరిస్తే ఆడగొంతు!

"పాత ఒపేరాల్లో వీరులది పైస్థాయి గొంతే" అని హెలెన్ చెవిలో చెప్పింది.

సీజరు ఓ ముక్క పాడాడు, ఇంకో ముక్క పాడాడు, ఆగాడు. నాలో తెనాలి లేచింది.

"వన్స్‌మోర్!"

సీజరు మొదటి ముక్క మళ్లీ ఎత్తుకున్నాడు!

"చూశావా సుజాతా? అడగనిదే సీజరైనా పాడడు!"

"ఊరుకోండి బాబూ! హాలంతా మనల్నే చూస్తోంది" అంది మా ఆవిడ.

"మెచ్చుకుంటున్నారే పిచ్చిమొహమా!"

ప్రతి పాటకీ అరిచాను, ప్రతిసారీ పాడాడు. ఆ పాటల కట్టడమే అంత, మొదటి ముక్క మళ్లీ పాడాకే ముగుస్తాయని తర్వాత తెలిసింది. తను కూస్తేనే తెల్లారుతోందని కోడి కూడా అలాగే అనుకుంటుంది.

చివరికి కత్తులు దిగాయి. సీజరు పది నిమిషాలు పాడి, పడి, పోయాడు. ముందు వరస ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు.

"వన్స్‌మోర్!" అన్నాను.

చచ్చిన సీజరు లేచి దుప్పటి దులుపుకున్నాడు. ఈసారి ఇంకా ఓపిగ్గా పొడిచారు.

హెలెన్ మెల్లగా నా వైపు తిరిగింది. "నువ్వు మళ్లీ చావమన్నది మా ఆయన్ని."

"సూట్‌కేసులు అటక మీదున్నాయి" అంది సుజాత.

నాటకం అయ్యాక సీజరు నెత్తుటి దుప్పటితోనే నా మీదికొచ్చాడు. "ఇతనేనా? ఇరవై ఏళ్లుగా స్టేజీ మీద చస్తున్నాను హెలెన్! మళ్లీ చావమని ఇన్నాళ్లకు ఒక్కడు అడిగాడు!" అని వాటేసుకున్నాడు. నా ఒక్కగానొక్క సూటు ఎర్రబడింది.

సోమవారం పర్మనెంటు కాయితం వచ్చింది. కింద హెలెన్ చేతిరాత: "ఇకమీదట ఒపేరా టిక్కెట్లు సుజాతకు మాత్రమే."

రెండు వేల ఏళ్లుగా ఒకరు బొమ్మ గీసి, ఒకరు పాట కట్టి, ఆ పెద్దాయన్ని పడుకోనివ్వడం లేదు. ఆ పాపంలో పిడికెడు నాది. అందుకే ప్రతిజ్ఞ చేస్తున్నాను: ప్రాణం పోయినవాణ్ణి మళ్లీ పాడమని ఈ జన్మలో అడగను.

ఇక ఇందులో నేను కల్పించిన ముక్క సీజరు లేవడం: నిజానికి లేవలేదు. ఒంటికన్ను తెరిచి, అరిచిందెవరా అని చూశాడంతే. తర్వాత నవ్వు ఆగక పొట్ట ఎగిరెగిరి పడింది. కొన ఊపిరి కాబోలనుకుని ముందు వరసవాళ్లు మళ్లీ ఏడ్చారు.