ఖాళీ కుర్చీకి ఒక తిట్టు

థార్న్‌క్లఫ్‌లో విన్నీ ఓర్మరాడ్ నోటికి భయపడని మగాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె మొగుడు క్లెమ్. రెండోవాడు బుల్ గ్రిండ్‌రాడ్ అనే కుస్తీ వస్తాదు. నేత మిల్లులో మగ్గాలు బాగుచేసీ చేసీ క్లెమ్‌కి సగం చెవుడు వచ్చింది కాబట్టి ఆమె తిట్లలో సగమే అతనికి అందేవి. గ్రిండ్‌రాడ్‌కి మాత్రం అన్నీ అందేవి. తిట్టించుకోవడమే అతని బతుకుతెరువు మరి.

విన్నీ పద్నాలుగో ఏట మిల్లులో చేరింది. వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడే గదిలో మనిషి గొంతు పనికిరాదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు శబ్దం లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటారు. అత్తల మీద చాడీలు, వంటలు, పెళ్ళి కబుర్లు, అన్నీ ఆ మూగ పెదవుల మీదే నడుస్తాయి. రోజంతా నోరు కట్టేసుకున్న కసి కాబోలు, బయటికొచ్చాక ఒక్కొక్కరూ వీధి చివరికి వినపడేలా మాట్లాడతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ లెక్కన థార్న్‌క్లఫ్ ఎప్పుడూ మంచి ఊరు కాలేదు.

విన్నీకి ఒక్క బిడ్డ పుట్టింది, పుట్టిన రోజే పోయింది. ఆ తర్వాత ఆమె చాలాకాలం నోరు విప్పలేదు. ఇంట్లోనూ మిల్లులో లాగే పెదవులు కదిపి ఊరుకునేది. ఆ చలికాలంలోనే క్లెమ్, ఏం చెయ్యాలో తోచక, రెండు టికెట్లు కొని ఆమెను కుస్తీలకు తీసుకెళ్ళాడు.

కుస్తీలు ఊరి ఈతకొలను హాల్లోనే జరిగేవి. చలి మొదలవగానే నీళ్ళు తీసేసి, కొలను మీద చెక్కలు పరిచి, నడిమధ్య తాళ్ళు చుట్టి గోదా కట్టేవారు. ఎంత కడిగినా క్లోరిన్ వాసన పోయేది కాదు. దానికి తోడు చుట్ట పొగ, తడిసిన కోట్లు, వెనిగర్ పోసిన నల్ల బఠాణీల వాసన. మొదటి వరసలో చలికి ముడుచుకుని కూర్చున్న విన్నీ ముందు, జనం తిట్టడానికని దించే దుర్మార్గుడి వేషంలో కొత్తగా వచ్చిన గ్రిండ్‌రాడ్ ఒక బక్క కుర్రాణ్ణి జుట్టు పట్టుకుని తాళ్ళకేసి బాదాడు. ఆమె లేచి నిలబడింది.

"ఒరేయ్ దున్నపోతా! వదలరా వాణ్ణి! నిన్ను కన్నతల్లి కడుపు కాలిపోనూ!"

ఎవరి మీద అరవాలో తెలియక నెలల తరబడి లోపల దాచుకున్న అరుపంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. హాలంతా ఇటు తిరిగింది. గ్రిండ్‌రాడ్ కుర్రాణ్ణి వదిలేసి, గోదా అంచుకు వచ్చి, తాళ్ళ మీద మోచేతులు ఆనించి, విన్నీ వైపు కూడా చూడకుండా క్లెమ్‌తో అన్నాడు.

"ఒరేయ్ పెద్దోడా! నీ పెళ్ళాన్ని కట్టేసుకోరా!"

క్లెమ్ నెమ్మదిగా లేచి, తలమీది బట్ట టోపీ ఎత్తి, "నావల్ల అయితే ఎప్పుడో కట్టేసేవాణ్ణి సార్" అన్నట్టు వంగి దండం పెట్టాడు. జనం పగలబడి నవ్వారు. ఇంటికి వెళ్ళేదారిలో విన్నీ క్లెమ్ చెయ్యి పట్టుకుని నడిచింది, దారి పొడుగునా తిడుతూనే ఉంది. క్లెమ్‌కి అంతకన్నా కావలసింది లేదు.

అప్పటినుంచి ఇరవై రెండు చలికాలాలు అదే తంతు. గ్రిండ్‌రాడ్ వస్తాడు, విన్నీ లేచి దులిపేస్తుంది, వాడు పెళ్ళాన్ని కట్టేసుకోమంటాడు, క్లెమ్ టోపీ ఎత్తుతాడు. ఆ టోపీ లేచేదాకా కుస్తీ మొదలైనట్టే కాదు ఆ ఊళ్ళో. ఇదంతా ముందే మాట్లాడుకున్న నాటకం కాదా అని ఎవరైనా పైఊరి వాళ్ళు అడిగితే క్లెమ్ ఒకటే మాట అనేవాడు: "పెళ్ళీ ముందే మాట్లాడుకునేదేగా బాబూ. అయితే మాత్రం దెబ్బలు తగలవా?"

ఇరవై మూడో ఏడు అక్టోబరులో, కొలను మీద చెక్కలు పరుస్తుండగానే, క్లెమ్ పోయాడు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న మిల్లు దూది ఎప్పటినుంచో అతన్ని తినేస్తూనే ఉంది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా చెవిటాడని ఎక్కిరించిన వీధే ఇప్పుడు క్లెమ్ అంత మంచివాడు లేడంది. విన్నీ ఎక్కడికి వెళ్ళినా గొంతులు తగ్గిపోయేవి. మాంసం కొట్టువాడు అడక్కుండానే మంచి ముక్క కోసిచ్చేవాడు. పక్కింటి ఫ్లోరీ, ముప్పయ్యేళ్ళుగా ఆమెతో గోడ మీంచి జుట్టూ జుట్టూ పట్టుకున్న మనిషి, గిన్నెలో సూప్ పట్టుకొచ్చి మెల్లగా "తాగు తల్లీ" అనేది. విన్నీకి ఒళ్ళు మండిపోయేది. ఆమెకు ఏడుపు రావడం లేదు. తిట్టాలని ఉంది. తిడితే తిరిగి తిట్టేవాడే కరువయ్యాడు.

ఒక్క చోటు మిగిలిందనుకుంది. కుస్తీల రోజు ఎప్పటిలాగే రెండు టికెట్లు కొంది. క్లెమ్ కుర్చీలో అతని టోపీ పెట్టింది. ఇవతల ఫ్లోరీ వచ్చి కూర్చుంది.

ఆట మొదలవకముందే, ప్రకటనలు చదివే ఆయన మైకు పట్టుకుని, మన క్లెమ్ ఓర్మరాడ్ ఇక లేరని చెప్పాడు. అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత గ్రిండ్‌రాడ్ వచ్చాడు. విన్నీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని లేచింది.

"వచ్చావుట్రా దున్నపోతా! ఇంకా ఎవడూ నీ తల పగలగొట్టలేదా?"

గ్రిండ్‌రాడ్ గోదా అంచుకు వచ్చాడు. తాళ్ళ మీద చేతులు ఆనించాడు. కుర్చీలో టోపీ చూశాడు. తల వంచుకుని, ఏమీ అనకుండా, వెనక్కి వెళ్ళిపోయాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఇరవై రెండేళ్ళలో ఆ హాలు గ్రిండ్‌రాడ్‌కి చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఫ్లోరీ కళ్ళు తుడుచుకుంటూ "చూశావా, ఎంత దుర్మార్గుడైనా మనిషే" అంది. విన్నీ అలాగే నిలబడి ఉంది. శ్మశానంలో కూడా ఆమెకు క్లెమ్ పోయినట్టు అనిపించలేదు. ఇప్పుడు అనిపించింది. ఈ ఒక్కచోటా తను విధవే అయిపోయింది.

మళ్ళీ కుస్తీలు రెండు వారాలకు. ఆ రోజు మధ్యాహ్నమే విన్నీ వెళ్ళి, వస్తాదులు లోపలికి వెళ్ళే వెనక తలుపు దగ్గర, బొగ్గు గుట్ట పక్కన వానలో నిలబడింది. గ్రిండ్‌రాడ్ ఒక్కడే వచ్చాడు. జనానికి నమ్మకం చెడకుండా, దుర్మార్గుల వేషం వాళ్ళు మంచివాళ్ళ వేషం వాళ్ళతో కలిసి రాకూడదు, ఒకే బండి ఎక్కకూడదు, ఒకే హోటల్లో తినకూడదు. మెడకు ఉన్ని మఫ్లరు, ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో చిన్న పెట్టె, సగం తిన్న మాంసం కూరిన రొట్టె. పోస్టాఫీసు గుమాస్తాలా ఉన్నాడు. ఆమెను చూడగానే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మిసెస్ ఓర్మరాడ్, మీరా? ఈ వానలో..."

"మిసెస్ ఓర్మరాడ్ అట! సిగ్గులేదూ నీకు? ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా అన్నావా ఆ మాట?"

"మీ ఆయన సంగతి విని చాలా బాధపడ్డానమ్మా."

"అదిగో, అదే వద్దనేది! ఊరంతా బాధపడుతోంది. కసాయివాడు బాధపడతాడు, పాదిరి బాధపడతాడు, ఆ ఫ్లోరీ ముండ సూప్ పోసి మరీ బాధపడుతుంది. నువ్వు కూడా బాధపడితే ఇక నేను ఎక్కడికి పోయి చావను?"

గ్రిండ్‌రాడ్ అటూ ఇటూ చూశాడు. "నెమ్మదమ్మా. నేనిలా మంచిగా మాట్లాడుతుండగా ఎవరైనా చూస్తే నా తిండి పోతుంది."

"మొన్న చూశారుగా అందరూ. చప్పట్లు కూడా కొట్టారు."

గ్రిండ్‌రాడ్ అన్నాడు: "మా అమ్మ కూడా నేత మనిషే. మీలాగే అరిచేది. మొదటిసారి మీ గొంతు విన్నప్పుడు ఇంటికి పోయినట్టయింది నాకు. ఆయన టోపీ... వంద ఊళ్ళు తిరిగానమ్మా, జనం నా మీద ఉమ్మేశారు, సూదులతో పొడిచారు. నాకు మర్యాదగా టోపీ ఎత్తినవాడు ఆయనొక్కడే."

"అయితే ఇవాళ ఆ మాట అను."

"ఏ మాట?"

"తెలీదా? ఎప్పుడూ అనేదే."

"అమ్మా, అక్కడ మనిషి లేడు కదా."

"కుర్చీ ఉందిగా! టికెట్టు కొన్నాను దానికి."

"చచ్చినవాణ్ణి పట్టుకుని అంటే ఈ జనం నన్ను చంపేస్తారు."

"చంపనీ" అంది విన్నీ. "నువ్వొక్కడివే మిగిలావురా నన్ను తిట్టేవాడివి. బతిమాలుకుంటున్నాను."

గ్రిండ్‌రాడ్ ఒప్పుకోలేదు, కాదనలేదు. రొట్టె ముక్క జేబులో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. గ్రిండ్‌రాడ్ గోదా ఎక్కేసరికి, మొన్నటిది తలుచుకుని, నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. విన్నీ లేచి దున్నపోతూ గాడిదా అన్నీ అంది. అతను అంచుకు వచ్చాడు. తాళ్ళ మీద మోచేతులు ఆనించాడు. తర్వాత ఖాళీ కుర్చీ కేసి వేలు చూపించి, పైకప్పు అదిరేలా అరిచాడు.

"ఒరేయ్ పెద్దోడా! నీ పెళ్ళాన్ని కట్టేసుకోరా!"

వెనక ఎవరో ఆడమనిషి "అయ్యో, అయ్యో" అంది.

విన్నీ వంగి, కుర్చీలోని టోపీ తీసి, తలకన్నా ఎత్తుగా పైకెత్తింది. క్లెమ్ వంగినట్టే వంగింది.

కానీ ఆ టోపీని ఎవరూ చూడలేదు. అప్పటికే అందరూ లేచారు. బఠాణీల కప్పులు, గొడుగులు, చివరికి ఒక కుర్చీ కూడా గాల్లోకి లేచాయి. ఏదో సీసా తగిలి గ్రిండ్‌రాడ్ కనుబొమ్మ చిట్లింది. అది మాత్రం ముందే మాట్లాడుకున్న నెత్తురు కాదు. కాపలావాళ్ళు నలుగురు అతన్ని ఈడ్చుకుపోతుంటే, అతను ఎప్పటిలాగే పళ్ళు కొరుకుతూ, పిడికిలి ఊపుతూ వెనక్కి తిరిగాడు. అతని పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ఆ గోలలో ఎవరికీ ఏమీ వినపడేది కాదు, ఒక నేత మనిషికి తప్ప.

"సరిపోయిందా తల్లీ?"

"సరిపోయింది నాయనా" అన్నాయి విన్నీ పెదవులు.

ఆమె టోపీని గుండెలకు హత్తుకుని కుర్చీలో కూలబడి ఏడ్చింది. క్లెమ్ పోయాక మొదటిసారి, భోరున, అందరి ముందూ ఏడ్చింది. ఫ్లోరీ ఆమెను పట్టుకుని "చచ్చినోడు! పుండు మీద కారం చల్లాడు! మళ్ళీ ఈ ఊళ్ళో ఎలా అడుగుపెడతాడో చూస్తాను" అని తానూ ఏడ్చింది.

అన్నంత పనీ చేసింది కూడా. వాడు వస్తే కొలను హాలు తగలబెడతామని ఊరు ఊరంతా అంది. కుస్తీలు నడిపేవాళ్ళు భయపడి గ్రిండ్‌రాడ్‌ని మళ్ళీ థార్న్‌క్లఫ్‌కి పంపలేదు. మిగతా ఊళ్ళూ ఒక్కొక్కటే వద్దన్నాయని, జనం నవ్వుతూ తిట్టుకునే దుర్మార్గుడు కావాలి గానీ నిజం దుర్మార్గుడు ఎవరికి కావాలన్నాయని తర్వాత తెలిసింది. బొగ్గు బస్తాలు మోస్తున్నాడని ఎవరో చూసి వచ్చి చెప్పారు. సంతలో ఆడవాళ్ళు విన్నీ భుజం తట్టి "నీ ఉసురే తగిలింది వాడికి" అనేవారు.

విన్నీ చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచింది. తానే బతిమాలి అనిపించుకున్నానని చెబితే, గ్రిండ్‌రాడ్ మంచివాడని తేలిపోతుంది. దుర్మార్గుడు మంచివాడని తేలితే ఇంకెక్కడా గోదా ఎక్కలేడు. చెప్పకపోయినా ఎక్కలేడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ అది లోపల బరువెక్కింది.

ఏప్రిల్‌లో చెక్కలు తీసేలోగా ఆఖరి కుస్తీలకు ఫ్లోరీ ఆమెను బలవంతాన లాక్కెళ్ళింది. కొత్త దుర్మార్గుడు, జుట్టుకు తెల్లరంగేసుకున్న కుర్రాడు, ఒక ముసలివస్తాదు మెడ మీద మోకాలు పెట్టి నొక్కుతున్నాడు. హాలంతా విన్నీ కేసి చూసింది. ఆమె కదలలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, లే! తిట్టవేం?" అని ఫ్లోరీ పొడిచింది.

"ఎవర్ని తిట్టను?" అంది విన్నీ, మిల్లు బయట ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా. "ఆయనా పోయాడు. వాడూ పోయాడు. ఇంక నా నోరు ఎవరి కోసమే?"

"వాడు పోతే పీడా పోయింది" అంది ఫ్లోరీ.

ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న మాట విన్నీ పెదవులు శబ్దం లేకుండా అనేశాయి. ఫ్లోరీ బేకరీలో పనిచేసిన మనిషి, మిల్లు ముఖం ఎరగదు. ఆ మాట ఏమిటో ఆమెకు తెలియలేదు.