నేల మీద బిగియని మిషిను

మా చర్చిలో కోత పండుగ నాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు ఉంటుంది. ఆడవాళ్ళంతా పొద్దున్నే వచ్చి, ఆవరణలో చాపలు పరిచి, కత్తిపీటలు వేసుకొని ఒకే వరుసలో కూరగాయలు కోస్తూ కూర్చుంటారు. మా ఖానాపూర్‌లో ఎవరి మనసైనా మారిందంటే అది ఆ వరుసలోని ముచ్చట్ల వల్లే కానీ ప్రసంగాల వల్ల కాదని నా అభిప్రాయం. ఈ మాట మా పాస్టరు అయ్యగారికి ఎన్నడూ చెప్పలేదు.

నా భార్యకు నలభై నిండకముందే కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర తిరిగాయి. ఆ ఏడాది పండుగలో ఉల్లిగడ్డ ఆమె చేతిలోంచి రెండుసార్లు జారింది. పక్కావిడ "లే వదినా, గా కుర్సీల కూసో. మేం లేమా?" అన్నది. ప్రేమగానే అన్నది. కోపంగా అంటే జవాబు చెప్పేదేమో. ఇంటికొచ్చాక మాత్రం "వచ్చే ఏడు నా వంతు నేనే కోస్త" అన్నది.

మరుసటి పండుగకు నెల ముందు కరీంనగర్ పోయాను. స్టీలు సామాన్ల దుకాణంలో, పిడి తిప్పితే కూరగాయలు చుట్టలు చుట్టలుగా తెగి పడే మిషిన్లు మూడు రకాలున్నాయి. నేను సైన్సు పంతులును, పరీక్ష పెట్టకుండా ఎవరినీ పాస్ చేయను. సంచీలోంచి ఉల్లిగడ్డలు, క్యారెట్లు, ముల్లంగి తీశాను.

"సార్, కొననీకి వచ్చిన్రా, అమ్మనీకి వచ్చిన్రా?" అన్నాడు దుకాణదారు.

ప్లాస్టిక్‌ది ముల్లంగికే పగిలింది. రేకుదాని పిడి మూడు తిప్పులకు ఊగింది. మూడోది పోత ఇనుముది, మేకపిల్లంత బరువు. నేను వేళ్ళు ముడిచి, అరచేత్తోనే నెట్టి చూశాను. తిరిగింది.

"మీ మనుమలు గూడ తిప్పుతరు సార్. ఫికర్ చెయ్యకున్రి."

పిల్లలే లేని మాకు అంత పూచీ అక్కర్లేదు గానీ, కొన్నాను.

ఇంట్లో నా రాతబల్లకు బిగించాం. ఆమె అరచేత్తో తిప్పితే ఉల్లిగడ్డ గులాబీలా విచ్చుకొని పళ్ళెంలో పడింది. "మంచిదే దెచ్చినవయ్యా" అని నవ్వింది. నెల రోజులు మా ఇంట్లో తరగనిది ఏదీ మిగల్లేదు.

పండుగ నాడు తెలిసింది, నేను బ్లేడు చూశాను, పిడి చూశాను, బిగించే మర చూశాను, ఒక్కటి చూడలేదు. మా ఆడవాళ్ళు నేల మీద కూర్చుంటారు. దానికేమో బల్ల కావాలి. పీటకు బిగిస్తే పిడి నేలకు తగిలి తిరగలేదు. చివరికి వరండాలో ఉన్న అయ్యగారి బల్లకు బిగించి, పక్కన కుర్సీ వేశారు.

వరుస అక్కడికి ఇరవై అడుగులు. పిల్లలు మూగి క్యారెట్ చుట్టలు మెడలో వేసుకున్నారు. గంపెడు ఉల్లిగడ్డ అరగంటలో అయిపోయింది. "అబ్బ, గీమె ఒక్కతే చాలు, మనం ఎందుకే!" అన్నది ఒక ముసలామె, మెచ్చుకుంటూ. కాసేపటికి వరుసంతా పగలబడి నవ్వింది. మా ఆవిడ పిడి ఆపి, ముందుకు వంగి అడిగింది.

"ఏందే? ఏమన్నరు?"

"ఏం లేదు వదినా. నువ్వు కానియ్యి."

మరుసటేడు పండుగకు అయ్యగారు మిషిను కోసం మనిషిని పంపారు. ఆమె శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. తను పోలేదు. నేనూ బడి పని ఉందన్నాను, ఆదివారం నాడు.

ఆ పొద్దున ఇంట్లోనే కత్తిపీట వేసుకొని నేల మీద కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చొని, మణికట్లతో ఉల్లిగడ్డలు నా వైపు దొర్లించసాగింది. నాలుగైదు కోశాక అన్నది:

"ఏదన్న ముచ్చట జెప్పు. ఊకె కోస్తరా ఎవరన్న?"

స్టాఫ్ రూమును ఇరవై ఏళ్ళుగా నవ్విస్తున్న మనిషిని. ఒక్క ముచ్చట తోచలేదు. ఉల్లిగడ్డలు కోస్తున్నాను కాబట్టి, నేను కళ్ళు తుడుచుకుంటే ఎందుకని ఆమె అడగలేదు.