నాయనమ్మ డబ్బా, పెద్దనాన్న కారు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. చేతిలో ఫోను ఉంది, రోజంతా ఖాళీ ఉంది, అంతకు మించి ఏం కావాలి? మెకానికల్ ఇంజనీరింగ్ పాసై, ఉద్యోగం మాత్రం దొరక్క, గురజాల దగ్గర మా పెద్దనాన్న ఇంట్లో రేపోమాపో కబురొస్తుందని చెప్పుకుంటూ తిరుగుతున్న కాలం అది. (మా నాన్న గుంటూరులో ఉండేవాడు. అక్కడుంటే ఉద్యోగం సంగతి రోజూ అడుగుతాడని ఇక్కడికి వచ్చాను. ఇక్కడ పెద్దనాన్న పూటపూటకీ అడిగేవాడు.) ఎవరో విదేశీ కుర్రాడు షెడ్డులో నిలబడి ఇంజను విప్పి బిగించే వీడియోలు చూస్తూ కూర్చుంటే, వాడి చేతిలోని పానా నా చేతిలో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అంత ధైర్యం మళ్లీ ఎప్పుడూ నాకు రాలేదు. నిజంగా పని నేర్చుకున్న తర్వాత అసలే రాలేదు.

పెద్దనాన్నకు ఒక పాత డీజిల్ కారు ఉండేది. మిరప బాగా పండిన ఏడాది కొన్నాడు. నేను డ్రైవింగ్ నేర్చుకుంది దాని మీదే, పత్తి చేల మధ్య డొంకదారిలో. మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ దాని ముందు సీటు ఆవిడదే. పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, ఊరికే బజారు దాకా వెళ్లినా ఆవిడ ముందు కూర్చోవాలి, పెద్దమ్మ వెనక కూర్చోవాలి. ఆవిడ పోయాక కూడా పెద్దమ్మ చాలాకాలం అలవాటుగా వెనక తలుపే తీసేది. అలాంటి కారు వయసు మీద పడి పొగ వదలడం మొదలుపెట్టింది. మామూలు పొగ కాదు, నీలం పొగ. బజారులో మేం వెళుతుంటే జనం ముక్కులు మూసుకుని "దోమల మందు బండి వచ్చింది" అనేవాళ్లు. పెద్దనాన్న పరువు గల మనిషి. కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి అమ్మేస్తానన్నాడు. పిడుగురాళ్లలో సున్నం బట్టీల ఆసామి ఒకాయన తీసుకుంటానన్నాడట.

నాకు గుండెల్లో రాయి పడింది. ఉద్యోగం రాలేదంటే కూడా అంత బాధపడలేదు. ఫోను ముందేసుకుని కూర్చుని వెతికితే దారి దొరికింది. ఇంజను కూడా మనిషిలాగే ఊపిరి వదులుతుంది. పాతబడిన ఇంజను ఊపిరిలో నూనె ఆవిరి ఉంటుంది. ఆ ఊపిరిని ఒక గొట్టం తీసుకెళ్లి మళ్లీ ఇంజను చేతే పీల్పిస్తుంది, ఆ నూనె లోపల కాలి పొగవుతుంది. మధ్యలో ఒక డబ్బా పెట్టి ఆ నూనెను అందులో పట్టేస్తే సరి. విదేశీ కుర్రాడు పెట్టినది నిగనిగలాడే అల్యూమినియం డబ్బా. మన దగ్గర నిగనిగలాడేవి ఎక్కడుంటాయి? వంటింట్లో.

"పెద్దనాన్నా, అమ్మొద్దు. నేను బాగు చేస్తా" అన్నాను.

పెద్దనాన్న పేపరు దించి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మొన్న మిక్సీ బాగు చేశావు. అప్పట్నుంచీ మీ పెద్దమ్మ రోట్లో నూరతంది."

"ఇది వేరు పెద్దనాన్నా. ఇది నేను చదువుకున్నది."

"సరే. సోమవారం మీ పెద్దమ్మని కోటప్పకొండ తీసకపోవాల. పోయి వచ్చేదాకా పొగ రాకపోతే బండి ఉంచుతా. వచ్చిందనుకో, దారిలో పిడుగురాళ్లలోనే ఆయనకి అప్పజెప్పి బస్సెక్కి ఇంటికొస్తా. తర్వాత ఏడవకూడదు మరి."

ఒప్పుకున్నాను. పెద్దమ్మ వంటింటి అటక మీద స్టీలు సామాను వరసగా ఉండేది. వెనక వరసలో, ఎవరూ వాడని ఒక నెయ్యి డబ్బా దొరికింది, మూత గట్టిగా బిగిసేది. మా నాయనమ్మ పెద్దకర్మ నాడు బంధువులకు పంచిన డబ్బాల్లో మిగిలినదది. దాని మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు, ముందు 'కీర్తిశేషులు' అనీ, కింద 'జ్ఞాపకార్థం' అనీ చెక్కించి ఉన్నాయి. (మా వైపు మనిషి పోతే ఒక స్టీలు సామానై ప్రతి చుట్టం ఇంట్లోనూ ఉండిపోతాడు. మా ఇంట్లో పప్పు ఒక తాతయ్యలో, పంచదార ఒక మేనత్తలో ఉండేవి.) గేట్లూ కిటికీలూ చేసే వెల్డింగు షాపుకు పట్టుకెళ్లి మూతకు రెండు గొట్టం ముక్కలు అతికించమన్నాను. ఒకటి ఇంజను నుంచి ఆవిరి లోపలికి రావడానికి, రెండోది నూనె దిగిపోయాక మిగిలిన గాలి బయటికి పోవడానికి. షాపాయన పని చేస్తూనే, "ఏంది తమ్ముడూ, కాఫీ ఫిల్టరా?" అన్నాడు. నేను వివరంగా చెప్పబోయాను. ఆయన అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

లోపల నూనె అంటుకోవడానికి గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాను. చేలో మందు కొట్టే పంపు పైపులో బారెడు కోసి గొట్టానికి తొడిగాను. బ్యాటరీ పక్కన సైకిలు ట్యూబు ముక్కలతో డబ్బాను కట్టేశాను, పేరున్న వైపు లోపలికి తిప్పి. ఇంజను స్టార్టు చేస్తే గాలి గొట్టం లోంచి బుస్సుమని గాలి వచ్చింది. వెనక్కి పరుగెత్తి చూశాను. పొగ లేదు. సరిగ్గా చూడలేదేమోనని మోకాళ్ల మీద కూర్చుని చూశాను. అప్పటికీ లేదు. ఆ సాయంత్రం ఊరంతా ఏదో ఒక మిషతో కారులో తిరిగాను. అడిగినవాడికీ అడగనివాడికీ బానెట్ ఎత్తి చూపించాను.

సోమవారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి పెద్దమ్మ బానెట్ ఎత్తించి పూజ చేస్తోంది. మా పెద్దమ్మకు పసుపు పెట్టని యంత్రం అంటే నమ్మకం లేదు. బోరు మోటారు స్టార్టరుకూ, ఫ్రిజ్జుకూ, నా ల్యాప్‌టాప్‌కూ కూడా ఆవిడ బొట్లు ఉండేవి. డబ్బా తీసుకున్నందుకు తిడుతుందని భయపడుతూ దగ్గరికి వెళ్లాను. తిట్టలేదు. కళ్లు తుడుచుకుంటోంది.

"మా అత్తని ముందు కూర్చోబెట్టావురా నాయనా" అంది. "అయితే పేరు గోడకి తిప్పుతావేందిరా, పెద్దావిడ పేరు. నేనే ఇటు తిప్పాన్లే."

మా నాయనమ్మ పుణ్యస్త్రీగా పోయిన మనిషి. అందుకని పెద్దమ్మ ఏ లోటూ చేయలేదు. డబ్బా చుట్టూ పసుపు పూసింది, బొట్లు పెట్టింది, మూత మీద ఇంత పసుపు ముద్ద పెట్టి పైన చామంతి పువ్వు గుచ్చింది. పువ్వు నిలబడటానికి ఒక బెజ్జం అమర్చినట్టు అక్కడే ఉండటం ఆవిడకు మహా అనుకూలంగా అనిపించింది. నేను ఆవిడ కన్నీళ్లు చూస్తున్నాను, మూత చూడలేదు. "అత్తా, బండి నీదే, నువ్వే చూసుకో" అని దండం పెట్టుకుంది. నేను కూడా దండం పెట్టుకున్నాను. ఇంజనీరుగా నేను చేయవలసిన పని అది కాదు.

బయల్దేరాం. పెద్దనాన్న నడుపుతున్నాడు, ఆయన పక్కన నేను, వెనక పెద్దమ్మ. కొంచెం దూరం పోయేసరికి పెద్దనాన్న అద్దంలోకి చూడటం మొదలుపెట్టాడు. రోడ్డు కనపడుతోంది. వెనక వస్తున్న లారీ కనపడుతోంది. లారీ నడిపేవాడి మీసం కూడా కనపడుతోంది. "చానా బాగుందే" అన్నాడు, తనకు తెలియకుండానే. ఆ మాట కోసం నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదవొచ్చు. నేను కిటికీ లోంచి బయటికి చూస్తూ, మాచర్ల, నరసరావుపేట కలిపి ఎన్ని పాత కార్లుంటాయో, వాటన్నిటికీ డబ్బాలు బిగిస్తే ఇక ఉద్యోగంతో పనేముందో ఆలోచిస్తున్నాను.

పసుపు తడిగా ఉన్నంతసేపు డబ్బాలోంచి బయటికి రావాల్సిన గాలి ఎలాగో పక్కల్లోంచి తోసుకుని వెళ్లిపోయింది. ఇంజను వేడికి అది ఎండి రాయైంది. ఊపిరి బయటికి పోయే దారి లేక ఇంజను ఎంతసేపు బిగబట్టుకుంటుంది? సరిగ్గా పిడుగురాళ్ల పొలిమేరలో, సున్నం బట్టీల ఎదురుగా, ముందు నుంచి టప్పుమని శబ్దం వచ్చింది. ఆయిల్ కొలిచే గేజి ఊడి పైకి ఎగిరి బానెట్‌కు తగిలింది. దాని వెంటే ఆయిలు చిమ్మి వేడి గొట్టాల మీద పడింది. వెనక రావాల్సిన పొగ అంతా ముందు నుంచి, ఒక్కసారే వచ్చింది.

పెద్దనాన్న కారు పక్కకు ఆపి దిగాడు. అటు బట్టీలకేసి చూశాడు, ఇటు మా కారుకేసి చూశాడు. "బట్టీలు నయంరా" అని, ఫోను తీసి సున్నం ఆసామికి చేశాడు. "ఏవండీ, మీ ఊరి మొగదల్లోనే ఉన్నాం. వచ్చి బండి తీసకపోండి."

పెద్దమ్మ దూరంగా నిలబడి నా మొహం చూడలేకపోతోంది. బానెట్ ఎత్తితే అప్పుడు కనపడింది, గాలి గొట్టం నిండా పసుపు, అందులో మాడిన చామంతి. పెద్దమ్మ జడ పిన్ను తీసి ఇచ్చింది. పసుపంతా గీకి తీశాను, గేజి వెతికి తుడిచి పెట్టాను, దగ్గర్లో కొట్టుకు పోయి తగ్గిన ఆయిలు తెచ్చి పోశాను. స్టార్టు చేస్తే చక్కగా తిరిగింది. పొగ లేదు, వెనకంతా అద్దంలా ఉంది. పెద్దనాన్నకేసి ఆశగా చూశాను. "మాట మాటే. ఆయన్ని పిలిచా" అన్నాడాయన, కానీ గొంతులో ముందున్నంత కోపం లేదు.

సున్నం ఆసామి మోటారు సైకిలు మీద వచ్చాడు. తెల్ల చొక్కా, చేతి నిండా ఉంగరాలు. కారు చుట్టూ తిరిగి వెనక చెయ్యి పెట్టి చూశాడు. "పొగ వస్తదన్నారు. ఏదీ, రావట్లే. తీసకుంటా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. బండి నిలుపుకోవడానికి చేసిన పని కాస్తా బండిని బేరానికి సింగారించి పెట్టింది. ఆ పసుపు అలాగే ఉంచి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ, ఆయన చెబితే బానెట్ ఎత్తాను.

ఆయన వంగి చూసి, "ఇదేంది, మధ్యలో ఈ డబ్బా?" అన్నాడు. బొటనవేలితో కుంకుమ తుడిచి, పెదాలు కదుపుతూ చదివాడు. చదువుతూ చదువుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కీర్తిశేషులా? ఎవరండీ ఈవిడ?"

"మా అమ్మ" అన్నాడు పెద్దనాన్న.

"ఈ బండిలోనే పోయారా?"

"అబ్బే, మంచంలో పోయింది. ఇది ఊరికే మావాడు..." అని పెద్దనాన్న నా వైపు చూపించాడు. నేను ఇంజను ఊపిరి గురించి మొదలుపెట్టాను. ఆయిల్ మరకలతో ఉన్న మొహం, చేతిలో జడ పిన్ను, మీదంతా పసుపు. ఆయన నా మాటలు వినడం మానేసి నన్నే చూస్తున్నాడు.

అప్పుడు వెనక నుంచి పెద్దమ్మ, సాయం చేద్దామని, "మా అత్త ఇందులోనే ఉందండీ, బండిని ఆవిడే చూసుకుంటది" అంది.

"మా ఇంట్లో ఆడోళ్లకి పట్టింపులు ఎక్కువండీ. ఇంకోసారి మాట్లాడుకుందాం" అంటూనే ఆయన మోటారు సైకిలు తిప్పేశాడు. అది పోయిన దుమ్ము చాలాసేపు అణగలేదు. ఆ తర్వాత పిడుగురాళ్లలో, దాచేపల్లిలో మా కారును ఎవరూ బేరమాడలేదు.

పెద్దనాన్న కారు ముందుకొచ్చి డబ్బా కేసి చూశాడు. తిడతాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి ఆ పేరు మీద పడిన ఆయిలు మరక తుడిచాడు.

"బతికున్నప్పుడూ ఇంతే. ఇంట్లోంచి పుల్ల కూడా బయటికి పోనిచ్చేది కాదు మా అమ్మ" అన్నాడు. అనేసి నవ్వాడు. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. అదే రుమాలు కావడంతో మొహం నిండా ఆయిలైంది. కోటప్పకొండ మీద అందరూ మా ఇద్దరినీ అలాగే చూశారు. తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మను ముందు కూర్చోమన్నాడు పెద్దనాన్న. ఆవిడ కాసేపు మొహమాటపడి, బానెట్ వైపు ఒకసారి చూసి, కూర్చుంది.

ఆ కారు తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లోనే ఉంది. నేనిప్పుడు నరసరావుపేటలో ఒక కార్ల సర్వీసు సెంటర్లో సూపర్‌వైజర్ని. కంపెనీ పెట్టని వస్తువు ఇంజనులో కనపడితే పీకించడం, వారంటీ పోతుందని గట్టిగా చెప్పడం నా ఉద్యోగం. జీతమిచ్చేది అలా కటువుగా మొహం పెట్టడానికే. ఈ మధ్య ఒకతను తన పాత కారు తెచ్చాడు. అప్పటి నా వయసే ఉంటుంది. బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన ఒక టిఫిను డబ్బా, దానికి రెండు గొట్టాలు. వాడు నా మొహంలోకి భయంగా చూస్తూ, "ఫోన్లో చూసి చేశా సార్, పొగ తగ్గింది" అన్నాడు. పీకించాలి. అటూ ఇటూ చూశాను, మా మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఇంట్లో పూజలు చేసే పెద్దవాళ్లున్నారా?" అని అడిగాను.

"మా అమ్మమ్మ ఉంది సార్. ఎందుకు?"

"ఈ గాలి గొట్టం పైకి కాకుండా కిందికి తిప్పుకో" అన్నాను. వాడికి అర్థం కాలేదు. బానెట్ దించి, చేయాల్సిన పనేమీ లేదని కాగితంలో రాసి, ఆ పాత కారు వెళ్లిపోయేదాకా గేటు దగ్గర నిలబడి చూశాను. పొగ లేదు.