మంగళవారం డిశ్చార్జి

ద్వారకా నగర్‌లో నేను పాఠం చెప్పే కాలేజీ మెట్లను ఈ ఉదయం ఫినాయిలుతో కడిగారు. ఆ వాసన తగలగానే డాక్టర్ సుభద్రగారు గుర్తుకొచ్చారు. ఊపిరితిత్తుల వైద్యురాలిగా మంచి పేరున్న మనిషి, ఉన్నట్టుండి స్టెతస్కోపు పక్కన పెట్టి ఆసుపత్రిని నడిపే బాధ్యత తీసుకున్నారు. శనివారాలు ఈ కాలేజీలోనే మాలాంటి ఉద్యోగులకు ఆసుపత్రి నిర్వహణ గురించి పాఠం చెప్పేవారు. "డాక్టరమ్మ వైద్యం మానేసి వ్యాపారంలో దిగింది" అని తోటి వైద్యులే వెక్కిరించారు. ఆవిడ నవ్వేసి, "ఇన్నాళ్ళూ నా గదిలోకి వచ్చినవాళ్ళనే చూశాను. గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్ళని ఎవరు చూస్తారు?" అన్నారు.

నేను అప్పట్లో ఆవిడ ఆసుపత్రిలో వార్డు సూపర్‌వైజర్ని. హేతువాద సభల్లో గొంతు చించుకునే అలవాటు అప్పటికే ఉంది. ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు. మా వార్డుల్లో ఒక జాడ్యం ఉండేది. జబ్బు నయమైనా మంగళవారం నాడు ఎవరూ ఇంటికి వెళ్ళరు. వెళితే మళ్ళీ ఆసుపత్రికే రావలసి వస్తుందట! అలాంటి ఒక మంగళవారం, మల్కాపురం నుంచి వచ్చిన పోర్టు కార్మికుడొకడు కింద స్ట్రెచర్ మీద ఊపిరాడక రొప్పుతున్నాడు. పైన ఒక్క మంచమూ ఖాళీ లేదు. గోపాలపట్నం అప్పలనరసమ్మ మాత్రం పూర్తిగా నయమై కూడా మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మంగళవారానికీ మీ ఊపిరితిత్తులకీ సంబంధమేమిటమ్మా?" అని గట్టిగానే నిలదీశాను.

"నీకు పెళ్ళయిందా బాబూ? ముహూర్తం ఎట్టించినారా?"

"రిజిస్ట్రారాఫీసులో చేసుకున్నాను."

"అదీ సంగతి. అందుకే ఇలగ అరుత్తన్నావ్!"

వార్డంతా నవ్వింది. అంతలో సుభద్రగారు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. "ఇంటికెళ్ళొద్దులే అమ్మా. కింద బిల్లుల కిటికీ పక్కన కుర్చీల గదిలో కూచో. రేపు పొద్దున్నే వెళ్దువుగాని."

"అక్కడ ఫ్యానుందేటి?"

"ఫ్యానుంది, టీవీ కూడా ఉంది."

"మరైతే ఈ మంచం నాకెందుకు? నడవండర్రా!"

దుప్పటి మార్చేలోగా కార్మికుణ్ణి పైకి తెచ్చారు. ఆక్సిజన్ అందాక అతని పెదవులకు రంగు తిరిగొచ్చింది. నేను మాత్రం ఊరుకోలేదు. వరండాలోనే, "మేడమ్, మీరు మూఢనమ్మకానికి ఒక గది కేటాయించారు" అన్నాను.

"నమ్మకం మీద వాదించు, నేను వద్దనను. నీ వాదన పూర్తయ్యేదాకా అతన్ని స్ట్రెచర్ మీద ఉంచకు, అంతే. ఆ గదికి వెళ్ళు. ఇప్పుడు ఆవిడకి బోలెడు తీరిక" అన్నారు. వ్యంగ్యంగా కాదు, నిజంగానే పంపారు.

వెళ్ళాను. వారాలెవరు పెట్టారో, గ్రహాలేమిటో వివరంగా చెప్పాను. అప్పలనరసమ్మ టీవీ చూస్తూనే విన్నది. సాయంత్రానికి కొడుకుని పిలిచింది. "ఈ బాబు మాటలు రేపటిదాకా ఇనడం కన్నా ఇయ్యాలే ఎల్లిపోడం నయం. ఆటో పిలవరా!"

ఆ విజయం నాదో, ఆ గదిదో, ఆమె విసుగుదో నేనెన్నడూ తేల్చలేదు. సుభద్రగారు రిటైరయ్యాక శనివారం పాఠం నాకొచ్చింది. మూఢనమ్మకాల మీద నా కోపం ఒక్క పిసరు కూడా చల్లారలేదు. కాకపోతే విద్యార్థులు వాదనకు దిగినప్పుడల్లా ముందు ఒకటే అడుగుతాను: ఇది తేలేదాకా కింద ఎవరు ఆగి ఉన్నారు? వాళ్ళని పైకి తెచ్చి రండి. తరవాత ఎంతసేపైనా పోట్లాడుకుందాం.